పూచీ మనిషి విడుదల

6,841వ రోజు

ఇది రాయకూడదనే అనుకున్నాను. నిజానికి మూడు రోజులు రాయలేదు కూడా. స్వరాజ్యం గారు ఇచ్చిన నోటుబుక్కును మంచం కోడు కింద పెట్టి, కుంటి మంచాన్ని సరిచేసుకుని హాయిగా పడుకున్నాను. నాలుగో రోజు ఆవిడే వచ్చి మంచం ఎత్తి దాన్ని లాక్కుంది. మంచం మళ్ళీ కుంటిదైంది. నాకు రాయక తప్పలేదు.

"రోజుకు అయిదు లైన్లు రాస్తే చాలు తాతా" అంది.

అయిదు లైన్లలో నేను గొంతు సవరించుకోవడం కూడా పూర్తి కాదు.

ఆవిడెవరో ముందు చెప్పాలి. డాక్టర్ పసునూరి స్వరాజ్యం. ఊరు జనగామ దగ్గర. మనుషులు ఎందుకు కొట్టుకుంటారు, కొట్టుకోని వాళ్ళు ఎందుకు కొట్టుకోరు అనే విషయం మీద ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తోంది. భూమ్మీద శాంతి పరిశోధన మండలి వాళ్ళు ఏడు నెలలు ఓడలో కూర్చోబెట్టి ఆవిణ్ణి ఈ కుజుడి మీదికి పంపారు. ఇక్కడ ఇంకో మూడు జతల ఊళ్ళు ఇప్పటికి రెండేసిసార్లు తన్నుకున్నాయి. మా జత మాత్రం పంతొమ్మిదేళ్ళుగా తన్నుకోలేదు. ఎందుకు తన్నుకోలేదో కనుక్కురమ్మన్నారు.

ఇక నేను. మట్టపర్తి అబ్బులు, డెబ్బై మూడేళ్ళు. బడి చదువు ఏడో తరగతి, ఆ తరవాతది చేతికి దొరికిన కాగితమల్లా. పూర్వం పంపు మెకానిక్కుని. ఇప్పుడు పూచీ మనిషిని.

పంతొమ్మిదేళ్ళ కిందట గట్టుకీ లోయకీ పదకొండు రోజుల యుద్ధం జరిగింది. గట్టు మాది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన వాళ్ళం, కొండ అంచున ఎండ తగిలే చోట ఉంటాం. అంచేత కరెంటు మా చేతిలో. లోయ వాళ్ళది. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చారు, మంచు బావి పక్కనే ఉంటారు. అంచేత నీళ్ళు వాళ్ళ చేతిలో. వాళ్ళు నీళ్ళు కట్టేశారు, మేం కరెంటు కట్టేశాం. ఎవరు ముందు కట్టారన్న దాని మీద రెండు పుస్తకాలున్నాయి. రెండూ చదివాను, రెండూ తప్పే. తుపాకీ పేలలేదు గానీ తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో మా ఆవిడ ఆదిలక్ష్మి ఒకతె. ఆ సంగతి ఇంతటితో ఆపుతాను. నవ్వుతూ రాద్దామని కూర్చున్నాను.

తరవాత ఒడంబడిక రాసుకున్నారు. లోయలో ఒక గట్టు మనిషి, గట్టు మీద ఒక లోయ మనిషి పూచీగా ఉండాలి. ఒక ఊరు మాట తప్పితే ఆ ఊరి పూచీ మనిషికి అవతల ఊళ్ళో గాలి వాటా ఆగిపోతుంది. ఇదీ కత్తి. ఇక పని ఏమిటంటే, గట్టుకు నీళ్ళు పంపే వాల్వు లోయలో ఉంది కదా, దాన్ని రోజూ పొద్దున ఆరింటికి తిప్పాల్సింది నేను. లోయకు కరెంటు పంపే మీట గట్టు మీద ఉంది, దాన్ని రోజూ నొక్కాల్సింది లోయ మనిషి. నా అరచేయి తగిలితేనే ఆ చక్రం కదులుతుంది. ఇరవై నాలుగు గంటలకు దానంతట అదే మూసుకుపోతుంది. మర్నాడు మళ్ళీ నేనే.

ఈ వేళ కూడా తిప్పాను. కాస్త కిర్రుమంది. నూనె వెయ్యాలి.

6,842వ రోజు

స్వరాజ్యం గారి ప్రశ్నల కాగితంలో నూట పన్నెండు ప్రశ్నలున్నాయి. మొదటి దాని దగ్గరే ఆగిపోయాం. "మీరు ఇక్కడికి ఎందుకు వచ్చారు?"

కుజదోషం వల్ల అన్నాను. నిజం. నా జాతకంలో కుజుడు ఉండకూడని చోట ఉన్నాడని ఏడు సంబంధాలు తప్పిపోయాయి. ఎనిమిదోది ఆదిలక్ష్మి. తనకీ కుజదోషమే. దోషానికి దోషం సరి అని సిద్ధాంతి గారు ముహూర్తం పెట్టేశారు. చివరికి ఇద్దరం కుజుడి మీదికే వచ్చి కాపరం పెట్టాం. "ఇంటికే వచ్చేశాం, ఇంకేం చేస్తాడో చూద్దాం" అనేది.

స్వరాజ్యం గారు గబగబా రాసుకుంది. "దోషానికి దోషం సరి! తాతా, మా పుస్తకాలల్ల దీన్నే పరస్పర నిరోధం అంటరు. నాలుగు వందల పేజీలు రాసిన్రు."

"మా సిద్ధాంతి గారు అరటిపండు తింటూ చెప్పేశారమ్మా."

ఆ సమయానికి ముంబువా వచ్చింది. లోయకు పెద్ద ఆవిడే. నా కంటే రెండేళ్ళు చిన్న, గొంతు మాత్రం పదేళ్ళు పెద్ద. నాచు తొట్లు కడిగి కడిగి మోచేతుల దాకా పచ్చగా ఉంటుంది. భర్త ఆ పదకొండు రోజుల్లో తొమ్మిదో రోజున చలికి పోయాడు. ఆవిడ తమ్ముడు ముతువాయే గట్టు మీద వాళ్ళ పూచీ మనిషి. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది. అంటే తిట్లతో మొదలుపెట్టి, మర్యాదలు చివర్లో.

"ఏవయ్యా అబ్బులూ, నూనె డబ్బా నా అలమర్లోంచి తీసింది నువ్వేనా?"

"నేనే."

"అడిగావా?"

"అడిగితే ఇవ్వవు కదా."

"ఇవ్వనని తెలిసీ తీశావంటే ఏవనాలి నిన్ను? చూడమ్మా డాక్టరమ్మా, పంతొమ్మిదేళ్ళుగా ఈ మనిషిని మేపుతున్నానండి. ఆయ్. రాసుకోండి అదీ."

మేం రోజూ ఓ గంట ఆట ఆడతాం. మాది వామనగుంటలు, రెండు వరసల గుంటలు. వాళ్ళ ఊళ్ళోనూ అలాంటి ఆటే ఉంది, కానీ నాలుగు వరసలు. నేను వచ్చిన మొదటి నెలలో ఏ పలక వాడాలని పెద్ద గొడవైంది. మధ్యేమార్గంగా మూడు వరసల పలక చేయించాం. మూడు వరసల ఆట ఎలా ఆడాలో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మాకూ తెలియదు. అప్పటి నుంచి రోజూ ఆడుతున్నాం.

స్వరాజ్యం గారు పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "గెలిచేదెవరు?" అంది.

"గట్టిగా అరిచినవాళ్ళు" అన్నాం ఇద్దరం.

6,845వ రోజు

స్వరాజ్యం గారు గట్టు మీదికి వెళ్ళి తాడుబండిలో ఈ మధ్యాహ్నం దిగింది. మొహం వెలిగిపోతోంది. నమ్మకం సూచీ అని ఆవిడ దగ్గర ఓ లెక్క ఉంది, మండలివాళ్ళు దాన్ని మా ఒడంబడికకూ ముడిపెట్టారు. నూట పన్నెండు ప్రశ్నలకూ ఊళ్ళో అందరూ జవాబులు చెబితే చివరికి ఒక అంకె వస్తుంది. సున్నా అంటే రేపే యుద్ధం. వంద అంటే స్వర్గం. మా రెండు ఊళ్ళకీ తొంభై ఏడు వచ్చింది.

"తాతా! నా జన్మల గింత అంకె చూడలే. ఒక్కరు గూడ లోయోళ్ళ మీద ఫిర్యాదు చెప్పలే. ఒక్కరు!"

నాకు అక్కడే ఏదో తేడా కొట్టింది. గట్టు మనుషులు ఫిర్యాదు చెప్పకపోవడమేమిటి? మా వాళ్ళు స్వర్గానికి వెళ్ళినా అమృతంలో ఉప్పు తక్కువైందంటారు.

"ఎవరింట్లో అడిగావమ్మా?"

"అందరిండ్లల్ల. అన్నం తినంది ఎవ్వరూ పోనియ్యలే. పదకొండు ఇండ్లల్ల తిన్న."

అదీ సంగతి. విస్తరి ముందు కూర్చున్న చుట్టానికి పక్కింటివాడి మీద చాడీ చెప్పే అలవాటు మా వైపు లేదు. పెట్టిన అన్నం చేదవుతుందంటారు. "లోయవాళ్ళతో ఏమన్నా ఇబ్బందా?" అని అడిగితే "అబ్బే, బంగారం లాంటి మనుషులండి, ఇంకాస్త పప్పు వేసుకోండి" అంటారు. లోయవాళ్ళ పద్ధతి వేరు. కొత్త మనిషి తమతో కలిసి ఓ రోజు పనిచేసే దాకా మనసులో మాట చెప్పరు, నవ్వి ఊరుకుంటారు. ఈవిడ పప్పుకీ నవ్వుకీ తొంభై ఏడు మార్కులు వేసుకొచ్చింది.

చెప్పబోయాను. ఆవిడ వినలేదు, ఇంకో సంతోషవార్త ఉందట.

"తొంభై దాటితె పూచీ పద్ధతి రద్దు చెయ్యాలని మండలి నియమం ఉన్నది. మనుషులను తాకట్టు పెట్టుడు అన్యాయం కదా. వాల్వుకు ఆటోమేటిక్ మిషన్ పెడతరు. తాతా, ఇరవై రోజులల్ల నీకు విడుదల!"

అప్పుడు మా ఆట నడుస్తోంది. ముంబువా చేతిలో ఉన్న గింజ ఏ గుంటలోనూ పడలేదు.

పూచీ మనిషి తప్ప అవతలి ఊరివాడు ఎవడూ ఈ ఊళ్ళో నివాసం ఉండకూడదని ఒడంబడికలో తొమ్మిదో నిబంధన. విడుదల అంటే నేను వెళ్ళిపోవాలి.

6,847వ రోజు

గట్టు నుంచి కబురొచ్చింది. సర్పంచి చెల్లుబోయిన సత్యవేణి స్వయంగా తెర మీద కనిపించింది. మంచి పిల్ల. నేను లోయకు వచ్చేనాటికి పదో తరగతి చదివేది.

"పెదనాన్నగారూ, మీ రాక కోసం ఊరంతా ఎదురుచూత్తందండి. సన్మానం ఏర్పాటు చేసేవండి. శాలువా, జ్ఞాపిక, ఏడుగురు వక్తలు. మీకు ఆఫీసు పక్కనే గది. మీరింక ఏ పనీ చెయ్యక్కర్లేదండి, కాలు మీద కాలేసుక్కూకోవడవే."

ఏ పనీ లేని గదిలో నేనెన్నాళ్ళు బతుకుతానని అడగబోయి ఊరుకున్నాను. నాకు సన్మానాలంటే భయం. మా మేనమామ ఒకాయన సన్మానంలో ఆరో వక్త మాట్లాడుతుండగా నిద్రపోయి కుర్చీలోంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ జ్ఞాపికనే ఊతకర్రకు పిడిగా చేయించుకున్నాడు. అయినా అసలు బాధ అది కాదు. గట్టు మీద నన్నెవరూ తిట్టరు. అందరికీ నేను పెదనాన్నగారినే.

మధ్యాహ్నం స్వరాజ్యం గారిని పట్టుకున్నాను. "నాకు విడుదల వద్దమ్మా. ఇక్కడ సుఖంగా ఉన్నాను."

"సుఖంగ ఉన్నవంటె నీకు ప్రమాదం లేదన్నట్టు. ప్రమాదం లేని పూచీ ఉత్తుత్తి పూచీ. రద్దు చెయ్యాలె."

"అయితే నరకంలో ఉన్నాను."

"అయితే నీ హక్కులు పోతున్నయి. వెంటనే రద్దు చెయ్యాలె."

ఎంత చదువుకుంటే ఇలాంటి తలుపు తయారవుతుందో. అటు తోసినా మూసుకుంటుంది, ఇటు లాగినా మూసుకుంటుంది.

ముంబువా అంతసేపూ తొట్టి రుద్దుతోంది. రుద్దుతూనే అంది.

"డాక్టరమ్మా, మా వాళ్ళు మీకేం చెప్పారో నాకు తెల్దు. నాకు గట్టు మీద పద్నాలుగు ఫిర్యాదులున్నాయండి. ఆదివారం పొద్దున్న అందరూ ఒకేసారి గ్రైండర్లేస్తారు, మాకిక్కడ దీపాలు మిణుకు మిణుకుమంటాయి. అదొకటి."

"మరి నాకెందుకు చెప్పలే నీ జవాబులల్ల?"

"మీరు నాతో తొట్టి రుద్దలేదు కదండి."

అప్పుడు చెప్పాను మా రెండు ఊళ్ళ సంగతీ. పప్పు సంగతి, నవ్వు సంగతి. స్వరాజ్యం గారి మొహం వాడిపోయింది. పరిశోధకులకు నిజం చెబితే సంతోషిస్తారనుకుంటాం గానీ, ముందు కొంచెం ఏడుస్తారు.

"మల్ల మొత్తం అడగాల్నా?"

"అడుగమ్మా. గట్టు మీద ఎవరింట్లోనూ మెతుకు ముట్టకు. ఉపవాసమని చెప్పు. లోయలో బకెట్టు పట్టుకుని అడుగు."

నేను ఇచ్చిన సలహాల్లో ఇంత తొందరగా బెడిసికొట్టింది ఇంకోటి లేదు.

6,850వ రోజు

మూడు రోజులు ఆవిడ పస్తులుంది, తొట్లు రుద్దింది, మేకల కొట్టం ఊడ్చింది. జనం గుండెలు విప్పారు. పంతొమ్మిదేళ్ళ సరుకు కదా.

లోయవాళ్ళ నీళ్ళు నాచు కంపు కొడుతున్నాయని గట్టువాళ్ళు. లోయ మేకలు తాడుబండిలో పైకొచ్చి వైర్ల మీద తొడుగు నమిలేస్తున్నాయని మళ్ళీ గట్టువాళ్ళు. పండగలకు మైకు లోయ వైపే తిప్పి పెడుతున్నారని లోయవాళ్ళు. గట్టువాళ్ళు పంపే పచ్చడి మనుషుల కోసమా, తుప్పు వదిలించడానికా అని ఒక ముసలాయన. ఒకావిడైతే పదకొండు రోజుల నాటి మాట ఎత్తి, తన అన్న పేరు చెప్పి, చీపురు అక్కడ పెట్టి కూర్చుండిపోయిందట. స్వరాజ్యం గారు కూడా పక్కన కూర్చుందట. ఏమీ రాసుకోలేదట.

ఈ సాయంత్రం లెక్క వేసి ఒడంబడిక మిషనులో ఎక్కించింది. ముప్ఫై ఒకటి.

"తాతా, నువ్వు బతికిపోయినవ్, విడుదల లేదు" అని నవ్వబోయింది. అంతలో నడవాలో ఉన్న స్పీకరు మోగింది. సూచీ నలభై కంటే తగ్గింది కాబట్టి పద్నాలుగో నిబంధన అమలులోకి వచ్చిందని, రెండు ఊళ్ళ మధ్య మాటలూ బండీ ఆగిపోయాయని చెప్పింది. ఆ గొంతు మేం ఎప్పుడూ వినలేదు. పంతొమ్మిదేళ్ళుగా గోడలో ఉండి ఈ ఒక్క మాట కోసం కాచుకుందన్నమాట.

పద్నాలుగో నిబంధన ఏమిటో లోయలో ఎవరికీ తెలియదు. ఒడంబడిక మొత్తం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత నన్ను ఎలా బంధించాలో వాళ్ళకు నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. పూచీ మనిషిని పూచీ గదిలో పెట్టి తాళం వెయ్యాలి, గొడవ తేలేదాకా బయటికి తీసుకురాకూడదు. తీసుకొచ్చిన ఊరికి మంచు బావి మీదగానీ, కరెంటు మీదగానీ హక్కు పోతుంది.

పూచీ గదిలో ఉల్లిపాయలు పోసి ఉన్నాయి. నలుగురు కలిసి బస్తాలు జరిపి నాకో చాప పరిచారు. తాళం దొరకలేదు. ముంబువా తలుపుకు చీపురు అడ్డం పెట్టింది.

"ఉల్లిపాయలు తినకు. లెక్క పెట్టి ఉన్నాయి" అంది. గొంతు ఎప్పట్లా లేదు.

6,851వ రోజు

ఉల్లిపాయల వాసనకు అయిదింటికే మెలకువ వచ్చింది. ఆరింటికి వాల్వు మూసుకుపోతుంది. అది తిరగాలంటే నా అరచేయి కావాలి. నేను బయటికి వస్తే లోయకు మంచు బావి పోతుంది. రాకపోతే గట్టుకు నీళ్ళు పోతాయి. గట్టు మీద ముతువాని కూడా ఇలాగే పెట్టి ఉంటారు. అతను మీట నొక్కకపోతే లోయకు కరెంటు ఉండదు. రెండు ఊళ్ళూ ఒక్క తప్పు చెయ్యకుండా, రాసుకున్నది రాసుకున్నట్టు పాటిస్తే మధ్యాహ్నానికి యుద్ధం ఖాయం. అంత పద్ధతైన యుద్ధం చరిత్రలో ఉండి ఉండదు.

అయిదున్నరకు తలుపు బయట అలికిడి. లోయ సగం అక్కడే ఉంది. తలుపు సందులోంచి అన్నీ వినిపిస్తున్నాయి.

"గట్టువాళ్ళు ముతువాని తీస్తారంటావా?" అని ఎవరో అడిగారు.

"తియ్యకపోతే? మనం తీసి వాళ్ళు తియ్యకపోతే బావి పోద్ది, కరెంటూ ఉండదు. మన పిల్లలేం కావాల?"

"వాళ్ళు తీసేదాకా చూద్దాం."

"వాళ్ళూ అదే అనుకుంటా ఉంటారు."

పంతొమ్మిదేళ్ళ కిందట నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. అక్కడా సరిగ్గా ఇవే మాటలు, వేరే గొంతులతో. మొదటి రోజు అందరూ తెలివిగానే మాట్లాడారు.

స్వరాజ్యం గారి గొంతు వినిపించింది. "అమ్మా, పెద్దమ్మా, నా లెక్క తప్పని నేనే రాసిస్త. కానీ ఆ రాత భూమికి చేరి జవాబు రావాల్నంటె సాయంత్రం అయితది. అప్పటిదాంక నువ్వు తలుపు తెరిస్తె నిబంధన తప్పినట్టే. నీకు అబద్ధం చెప్పలేను."

తరవాత చీపురు కింద పడిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ముంబువా గుమ్మంలో నిలబడింది, మోచేతుల దాకా పచ్చగా.

"డాక్టరమ్మా, రాసుకో. లోయ పెద్ద ముంబువా నిబంధన తప్పింది, టైము అయిదూ నలభై. రాసుకున్నావా? ఏవయ్యా, నీకు వేరే చెప్పాలా? లే! అక్కడ పొయ్యిల మీద ఎసర్లు పెట్టుకునే వేళ. నీళ్ళు లేకపోతే ఏం తాగుతారు, నీ కబుర్లా?"

"నీకు బావి పోతుంది ముంబువా."

"పోతే పోద్ది. మళ్ళీ ఎవరో చలికి పోయాక, తొమ్మిదో రోజున అనుకుందామా ఈ మాట?"

లేచాను. మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. కాపలాగా పట్టుకున్నారో, సాయంగా పట్టుకున్నారో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. లోయ మొత్తం వెనక నడుస్తుండగా వాల్వు దగ్గరికి వెళ్ళాను. సరిగ్గా ఆరుకు చక్రం మూసుకుంది. అరచేయి ఆనించి తిప్పాను. మొన్నామధ్య నూనె వేశాను కాబట్టి చప్పుడు చెయ్యలేదు. గొట్టంలో నీళ్ళు పైకి పరిగెత్తాయి.

అప్పుడు దీపాలు పోయాయి.

ఆరింటికి గట్టు కరెంటు కూడా ఆగాలి కదా, ఆగింది. ఎర్రటి బ్యాటరీ దీపాలు వెలిగాయి. వాటి కింద అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ముంబువా నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. నా రెక్కలు పట్టుకున్న కుర్రాళ్ళ వేళ్ళు మెల్లగా బిగుసుకోవడం మాత్రం తెలిసింది.

నాలుగో నిమిషంలో తెల్ల దీపాలు వెలిగాయి.

ఒక్కసారిగా ఎంత గోల! నన్ను ఎవరో ముద్దు పెట్టుకున్నారు. ఉల్లిపాయ వాసనని పక్కకు తోసేశారు కూడా. స్వరాజ్యం గారు గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతూ ఏడుస్తోంది.

ఆ నాలుగు నిమిషాల ఆలస్యం ఎందుకో సాయంత్రం లైను కలిసాక తెలిసింది. గట్టు మీద పూచీ గదికి తలుపే లేదట. ఎప్పుడో పీకి పచ్చళ్ళ అలమరకు బిగించారు. అంచేత ముతువాని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ పదిమంది కాపలా కూర్చున్నారు. తెల్లారేసరికి కాపలావాళ్ళందరూ నిద్రపోయారు, ముతువా కూడా నిద్రపోయాడు. ఆరింటికి సత్యవేణి వచ్చి చూసి, "బాబయ్యా, మీట టైమైపోయిందండి, లెగండి లెగండి!" అని తట్టి లేపి, చెయ్యి పట్టుకుని పరిగెత్తించింది.

"నిబంధన సంగతి గుర్తు రాలేదా?" అని స్వరాజ్యం గారు అడిగింది.

"వచ్చిందండి. సగం దూరం పరిగెత్తాకా వచ్చిందండి. అప్పటికి వెనక్కెళ్ళడవెందుకని ముందుకే ఎల్లిపోయేవండి" అంది సత్యవేణి.

6,853వ రోజు

స్వరాజ్యం గారి నివేదిక పూర్తయింది. నాకు చదివి వినిపించింది. అంకె దగ్గర గీత పెట్టి, ఈ సూచీ రెండు ఊళ్ళ విషయంలో రెండుసార్లు తప్పింది అని తన పేరు మీదే రాసుకుంది. ఇరవై ఏళ్ళ పని అది.

"బాధగా లేదా అమ్మా?"

"ఉన్నది. అయితె ఏమయ్యింది? ముప్ఫై ఒకటి వచ్చిన ఊర్లు పొద్దున ఆరింటికి ఒకళ్ళకొకళ్ళు నీళ్ళు, కరెంటు ఇచ్చుకున్నయి. ఎందుకో నా లెక్కల లేదు. మల్ల మొదటిసంది చూడాలె. గిదీ పరిశోధనే గద తాతా."

నివేదిక సారాంశం ఇది. ఎవరినీ తాకట్టుగా ఉంచకూడదు, గాలి వాటా ఆపే నిబంధన కొట్టెయ్యాలి. మిషను పెట్టకూడదు. వాల్వు గట్టు మనిషే తిప్పాలి, మీట లోయ మనిషే నొక్కాలి. అది ఇకపై ఉద్యోగం, అయిదేళ్ళకోసారి మనిషిని ఎంచుకోవాలి. తలుపులు తెరిచినందుకు రెండు ఊళ్ళకీ శిక్ష లేదు. మండలి ఒప్పుకుంది.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాల్సింది. కానీ ఉద్యోగం అన్నాక దరఖాస్తులుంటాయి. గట్టు కమిటీవాళ్ళు పాతికేళ్ళ ఇంజినీరొకణ్ణి ఎంపిక చేసి కూర్చున్నారు. "పెదనాన్నగారు ఎంతకాలవని కష్టపడతారండి" అని. ప్రేమతో చేసిన పనికి మందు లేదు.

లోయ ఒప్పుకోవాలి కాబట్టి ఆ కాగితం ముంబువా దగ్గరికి వచ్చింది. ఆవిడ జవాబు తెలుగులోనే చెప్పింది, నా చేతే రాయించింది. నా గురించి కాబట్టి ఒక్క ముక్క మార్చకుండా రాశాను.

"గట్టు కమిటీ వారికి. మీరు పంపే అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు. మంచివాడితో మాకేం పని? ఈ అబ్బులు గారు అడక్కుండా నూనె డబ్బా తీస్తారు, ఓడిపోయి గెలిచానంటారు, ఒక మాట అడిగితే మేనమామ దగ్గర మొదలెడతారు. ఈయన్ని మొహం మీద తిట్టడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఆయన తిరిగి తిట్టడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. కొత్త మనిషితో మళ్ళీ మొదట్నించీ మర్యాదగా ఉండే ఓపిక నాకు లేదు. మా మనిషిని మాకు పంపండి. ముంబువా."

"మా మనిషి అని రాయమంటావా?" అన్నాను.

"చెప్పింది రాయి."

6,861వ రోజు

మొన్న పొద్దున వాల్వు తిప్పి వెళ్ళాక గట్టు మీద విడుదల జరిగింది. శాలువా కప్పారు. ఏడుగురు వక్తల్లో అయిదుగురు నా త్యాగం గురించి మాట్లాడారు. ఆరో ఆయన లేవగానే కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఏడో మనిషి ముతువా. మైకు ముందు నిలబడి, "లోయలో నాకు చలేస్తదండి, నేనిక్కడే ఉంటానండి, ఆయ్" అని కూర్చున్నాడు. అందరికంటే ఆయనకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. ముంబువా ఉత్తరాన్ని సత్యవేణి పైకి చదివింది. జనం పడీపడీ నవ్వారు. కమిటీవాళ్ళు ఇంజినీరు అబ్బాయి వైపు చూశారు. ఆ అబ్బాయి చేతులు జోడించి, "నా వల్ల కాదండి బాబూ" అన్నాడు.

ఆదిలక్ష్మిని ఉంచిన చోటికి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఎప్పట్లాగే అడ్డు తగలకుండా వింది. బతికుండగా ఒక్కనాడూ అలా వినలేదు.

ఆ సాయంత్రమే స్వరాజ్యం గారు తాడుబండి దాకా వచ్చి సాగనంపింది. ఆవిడ ఇంకో ఏడాది ఉంటుందట. అన్నం తింటూ అడగాల్సిన ప్రశ్నలు, తినకుండా అడగాల్సిన ప్రశ్నలు అని కాగితం రెండు భాగాలు చేసుకుంటోంది.

లోయ గేటు దగ్గర కొత్తగా రాకపోకల పట్టిక పెట్టారు. డ్యూటీలో ఉన్న పిల్ల పేరు అడిగింది.

"నీకు తెలియదా?"

"తెలుసండి. మీరే చెప్పాలండి."

చెప్పాను. వయసు చెప్పాను. వచ్చిన పని, వాల్వు అని చెప్పాను.

"ఎన్నాళ్ళుంటారండి?"

"ఆ గడి వదిలెయ్యమ్మా."

"ఖాళీగా ఉంటే మిషను తీసుకోదండి."

"అయితే నీకు తోచింది కొట్టు."

కొంచెం ఆలోచించి ఏదో కొట్టింది. చీటీ వచ్చింది. చదవకుండా జేబులో పెట్టుకున్నాను. బూట్లు విప్పి ఎప్పట్లా నా అరలో పెట్టి లోపలికి వెళ్ళాను.